మూడు వేళ్ళ సందు

1974 ఆగస్టు 2, శుక్రవారం

ఇంట్లో అందరూ పడుకున్నారు. రోజులో ఈ గంట ఒక్కటే నాది. పాత హాజరు పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా మిగిలాయి. ఎవరూ చూడరు కదా అని వాటిలో రాస్తున్నాను.

ఈరోజు మా బాలవాడికి పళ్ళ డాక్టరు వచ్చాడు. పేరు లింగమూర్తి. హన్మకొండ మనిషి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఇకనుంచి ప్రతి నెలా మొదటి శుక్రవారం వస్తాడట. ఇన్నాళ్ళూ ఈ గుడిసెల్లో పన్ను నొస్తే రెండే దారులు. ఆదివారం అంగడిలో ఎల్లన్న పట్టుకారు, లేదా కాజీపేట రైలు. రైలు ఎక్కినవాళ్ళను నేను చూడలేదు.

డాక్టరు ఒక మిషను తెచ్చాడు. కాలితో తొక్కితే పైన సూది తిరుగుతుంది. పక్క గుడిసె లస్మవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "డాక్టర్ సాబ్, జాకెట్లు గూడ కుడ్తవా?" అంది.

"ముందుగాల నీ నోరు కుడ్త అవ్వా" అన్నాడు. అందరూ నవ్వారు. లస్మవ్వ నోరు తెరిచి కూర్చుంది.

పోతూ పోతూ నాకు ఒక బ్యాటరీ లైటు, ఒక నోటుబుక్కు ఇచ్చాడు. మన వాడలో ఎనభై నాలుగు గుడిసెలు. ఇంటింటికీ పోయి నోళ్ళు చూడాలి. చూడవలసినవి మూడు. తెల్ల మచ్చ. మూడు వారాలైనా మానని పుండు. నోరు తెరిస్తే మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోవడం. "ఈ మూడిట్ల ఏది కనవడ్డా నాకు చెప్పాలె పోశవ్వ గారూ. తొందరగ దొరికితే చిన్న కోత. ఆలస్యమైతే నా చేతుల ఏం ఉండదు" అన్నాడు.

నన్ను గారూ అన్నవాళ్ళు ఈయన ముందు ఎవరూ లేరు.

ఆగస్టు 5, సోమవారం

ఒక్కపొద్దు. రాజన్న దేవుడికి దీపం పెట్టాను.

తమ్ముడు సదయ్యకు బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు. సద్ది కట్టి, తంబాకు డబ్బా నింపి మరదలు పూలమ్మ చేతికి ఇచ్చాను. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. లోపలి గాలికి నిప్పు తగిలితే ఎవరూ మిగలరు. అందుకే అందరి దవడలోనూ తంబాకే. ఆకు ఎండబెట్టి, ఈనెలు తీసి, తడిసున్నంతో అరచేతిలో నలపాలి. మా నాయనకు నేనే నలిపేదాన్ని. ఇప్పుడు తమ్ముడికి. "అక్క చేతి తంబాకు నోట్లె వడ్తే ఎనిమిది గంటలు ఎనిమిది నిమిషాల లెక్క పోతయి" అని లస్మవ్వ కొడుకు బుచ్చన్న కూడా ఒక చిటికె అడిగి పట్టుకుపోతాడు.

సదయ్య ఇంకా బదిలీ పనివాడే. పర్మనెంటు వాళ్ళు నాగా పెట్టిన రోజే పని దొరుకుతుంది. ఏడాదిలో నూట తొంభై మస్టర్లు, అంటే హాజరీలు, పడితే పర్మనెంటు చేస్తారు. ఒక్కటి తక్కువైనా జనవరిలో మళ్ళీ ఒకటి నుంచి. పోయిన ఏడాది జ్వరం వచ్చి నూట ఎనభై నాలుగు దగ్గర ఆగింది. ఆ డిసెంబరు ముప్పై ఒకటిన వాడు గోడ వైపు తిరిగి పడుకోవడం చూశాను.

ఈ ఏడు ఇప్పటికి నూట పద్దెనిమిది.

ఆగస్టు 11, ఆదివారం

ముప్పై తొమ్మిది గుడిసెలు పూర్తయ్యాయి. బాలవాడిలో నాతో పనిచేసే రబియా బీ తోడు వచ్చింది. నోరు చూపించడానికి మనుషులకు ఇంత సిగ్గు ఉంటుందని తెలియదు. ఒకామె కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె, "పండ్లు చూసుడు ఎడ్ల సంతల చూసిన గని, మనుషులకు గిప్పుడే చూస్తున్న" అంది. సగం మంది ఆడవాళ్ళు తంబాకు కాల్చిన నల్లపొడితో పళ్ళు తోముతున్నారు. నొప్పి తెలియదట. నొప్పి తెలియకపోవడమే చెడ్డదని డాక్టరు చెప్పిన మాట చెప్పాను. తల ఊపారు.

రబియా బీ ఇంట్లోనూ చూశాను. ఆమె భర్త బద్రుద్దీన్ కుడి దవడలో తెల్ల మచ్చ. కంపెనీలో పర్మనెంటు మనిషి. రాసుకున్నాను. ఆమెకు చెప్పాను.

ఆగస్టు 14, బుధవారం

సదయ్య ఒక పక్కనే నములుతున్నాడు. వారం నుంచి చూస్తున్నాను. పూలమ్మ నీళ్ళకు పోయినప్పుడు గుమ్మం వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. తెరవలేదు. చిన్నప్పుడు ఆముదం తాగించడానికి ముక్కు మూసినట్టు మూశాను. తెరిచాడు.

ఎడమ దవడలో, కింది చివరి పన్ను పక్కన, రేగుపండంత. చుట్టూ తెలుపు. నడుమ ఎర్రగా కోసుకుపోయి ఉంది.

"ఎన్ని దినాల సంది?"

"పన్ను ఇరిగింది అక్కా. గదే గీస్కపోతున్నది. గంతే."

"డాక్టరుకు చూపిద్దాం."

"చూపిస్తె ఏమంటడు? వరంగల్ పో అంటడు, హైదరాబాద్ పో అంటడు. నెల పోతది. ఇంక అరవై ఆరు మస్టర్లే ఉన్నయి. మల్ల ఒకటి నుంచి ఎక్కుడు నాతోని కాదు. నూట తొంభై కానియ్యి, ఏడికి తోలుకపోతవో తోలుకపో."

"పుండు ఆగుతదా రా నీ మస్టర్ల కోసం?"

"నాకేమైతది అక్కా. పైలంగనే ఉంట. నువ్వు ఎవ్వలకు చెప్పకు. పూలకు గూడ." దీపం వైపు చూశాడు. "రాజన్న మీద ఒట్టు పెట్టు."

పెట్టాను.

సాయంత్రం నోటుబుక్కు పూర్తి చేశాను. నలభై ఆరో గుడిసె మాది. నలుగురు: నేను, సదయ్య, పూలమ్మ, వాళ్ళ బిడ్డ సారలమ్మ. ఎదురుగా "బాగు" అని రాశాను.

ఆగస్టు 25, ఆదివారం

అంగడిలో ఎల్లన్న విరిగిన పన్ను పీకాడు. గీసే పన్నే పోయాక పుండు దానంతటదే మానుతుంది. రక్తం చాలాసేపు కారింది. "ఇండ్ల తంబాకు ఒత్తు, మాడిపోతది" అన్నాడు ఎల్లన్న. ఇంటికి వచ్చి నేనే నలిపి, నా వేలితో ఒత్తాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తర్వాత నొప్పి తగ్గిందన్నాడు.

తగ్గింది.

సెప్టెంబరు 6, శుక్రవారం

డాక్టరు రెండోసారి వచ్చాడు. పిల్లలకు వేపపుల్లతో, ఉప్పుతో తోమడం చూపించాడు. పైవరుస కిందికి, కిందివరుస పైకి. ముప్పై మంది పిల్లలు ఒకేసారి ఉమ్మారు. ఆయన చెప్పుల మీదే.

తర్వాత అడిగాడు. "మీ ఇండ్లల్ల ఎవ్వలికన్న నోట్లె పుండు ఉన్నదా? ఉంటే చెయ్యి లేపుండ్రి."

మా సారలమ్మ చెయ్యి లేపింది. నాలుగేళ్ళ పిల్ల. తండ్రి ఒళ్ళో కూర్చుని అన్నీ చూస్తుంది.

డాక్టరు అవతలి పక్క చూస్తున్నాడు. నేను పిల్ల వెనకే నిలబడి ఉన్నాను. దాని చెయ్యి పట్టుకుని దించాను. మెల్లగానే దించాను. అది నా వైపు తిరిగి చూసింది.

"తోముడు అయింది గదా, పో, ఆడుకో" అన్నాను.

సెప్టెంబరు 9, సోమవారం

ఒక్కపొద్దు. నూట నలభై.

సెప్టెంబరు 16, సోమవారం

ఒక్కపొద్దు. రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కుకున్నాను. నూట నలభై మూడు. వానలకు రెండు రోజులు పని దొరకలేదు.

సెప్టెంబరు 23, సోమవారం

నూట నలభై ఎనిమిది. పుండు అంతే ఉంది. పెరగలేదు. పెరిగినట్టు లేదు.

అక్టోబరు 4, శుక్రవారం

బద్రుద్దీన్ హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చాడు. దవడలో చిన్న ముక్క కోసి తీశారట. ఇక భయం లేదన్నారట. రబియా బీ డాక్టరు ముందే నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నీ బ్యాటరీ లేకుంటే నా మనిషి లేడు పోశవ్వా. అల్లా నీ తమ్మున్ని సల్లగ చూడాలె."

చేతులు వెనక్కి తీసుకున్నాను. పిల్లలకు పాలపొడి కలిపే వేళ అయిందన్నాను.

డాక్టరు నా నోటుబుక్కు తిరగేసి, "ఎనభై నాలుగు ఇండ్లు ఇంత శ్రద్ధగ ఎవ్వరు చూడరు" అన్నాడు. నలభై ఆరో వరుస మీద ఆయన వేలు ఆగలేదు. ఎందుకు ఆగుతుంది.

అక్టోబరు 20, ఆదివారం

పూలమ్మ పొయ్యి దగ్గర తలెత్తకుండా అడిగింది. "వదినె, మీ తమ్ముని నోరు ఒకటే వాసనొస్తున్నది. దిండు మీద మరకలైతున్నయి. ఏంది?"

"కడుపుల వేడి" అన్నాను. జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను.

పూర్తిగా అబద్ధం కాదు. బాయిలో ఎనిమిది గంటలు ఉండే మనిషికి వేడి ఉండనే ఉంటుంది.

అక్టోబరు 25, శుక్రవారం

దసరా. సకినాలు చేస్తే వాడు వాటిని నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాడు. "పండ్లు లేని ముసలోని తీర్గ తింటున్నవేందిరా?" అని బుచ్చన్న ఎగతాళి చేశాడు. సదయ్య నవ్వాడు. నవ్వినప్పుడు నోరు సగమే తెరుచుకుంది.

నూట అరవై ఆరు.

నవంబరు 1, శుక్రవారం

డాక్టరు వచ్చే రోజు. జ్వరమని రబియా బీతో కబురు పంపాను. నిజంగానే ఒళ్ళు వెచ్చగా ఉంది.

నవంబరు 18, సోమవారం

కార్తీక సోమవారం. మూడు వందల అరవై అయిదు వత్తులు వెలిగించాను.

సదయ్య నోట్లో వేళ్ళు పెట్టి చూసుకుంటే రెండే పట్టాయి. వాడి వేళ్ళు లావు. పార పట్టే చేతులు. నా వేళ్ళయితే మూడు పట్టేవేమో. నేను పెట్టి చూడలేదు.

నూట డెబ్బై ఎనిమిది.

డిసెంబరు 2, సోమవారం

నూట ఎనభై నాలుగు. పోయిన ఏడు ఆగింది ఇక్కడే. వాడు పొద్దున గంజి ముట్టకుండానే పోతూ, బయటి నుంచి, "ఈ లెక్క దాటినంక తాగుత అక్కా" అన్నాడు. ఇప్పుడు గంజి తప్ప ఏమీ దిగడం లేదు.

డిసెంబరు 6, శుక్రవారం

డాక్టరు నాలుగు గంటలు బాలవాడిలో ఉన్నాడు. ఆయన సామాను నేనే నీళ్ళలో మరగబెట్టాను. తల్లుల మీటింగులో ఆయన చెప్పమంటే నేనే చెప్పాను. తెల్ల మచ్చ, మానని పుండు, మూడు వేళ్ళు.

ఆ వేళకు సదయ్య బాయిలో ఉన్నాడు. నూట ఎనభై ఏడోది.

మూడు మిగిలాయి. నాలుగు నెలలు ఆగిన మనిషికి మూడు రోజులు లెక్కా అనుకున్నాను. ఈ మాట నేను ఆగస్టు నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

డిసెంబరు 12, గురువారం

నూట తొంభై.

జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చాడు. పూలమ్మ నోట్లో పెట్టాడు, సారలమ్మ నోట్లో పెట్టాడు, నా నోట్లో పెట్టాడు. తన నోట్లో పెట్టుకోబోతే ముక్క పళ్ళ మధ్య దూరలేదు. పాకం మాత్రం పెదవికి రాసుకుని నాకాడు. "తియ్యగున్నది" అన్నాడు. మాట సరిగా రావడం లేదు. మెడ మీద, చెవి కింద, గట్టిగా ఒక గడ్డ ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలుసు.

డిసెంబరు 14, శనివారం

జనవరి శుక్రవారం దాకా ఆగకుండా రైలెక్కి హన్మకొండ పోయాం. ముగ్గురం. పిల్లను లస్మవ్వ దగ్గర వదిలాం.

డాక్టరు ఇంటి అరుగు మీదే చూశాడు. నోరు తెరవమన్నాడు. తన వేళ్ళు పెట్టబోయాడు. ఒక్క వేలు పట్టింది. మెడ తడిమాడు. చెయ్యి కడుక్కోవడానికి లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

వచ్చి, "ఎప్పటి సంది?" అన్నాడు.

"పది పదిహేను దినాలు సార్" అన్నాడు సదయ్య.

డాక్టరు వాడిని చూడలేదు, నన్ను చూశాడు. నేను చెప్పాను. "ఆగస్టు నుంచి. పద్నాలుగో తారీఖు నుంచి నాకు తెలుసు. నోటుబుక్కులో బాగు అని రాసింది నేనే."

ఆయన కోపపడితే బాగుండేది. "మీకు అన్ని చెప్పిన గదా పోశవ్వ గారూ" అన్నాడు. అంతే అన్నాడు. చిన్నపిల్లవాడిలా అన్నాడు.

పూలమ్మ నా పక్కనుంచి లేచి, పోయి మొగుడి పక్కన కూర్చుంది.

డిసెంబరు 21, శనివారం

హైదరాబాద్. పెద్ద దవాఖాన. కోయడానికి లేదన్నారు. మెడలోకి దిగిందట. కరెంటు పెడతారు, పుండును కిరణాలతో కాల్చడమట.

డిసెంబరు 25, బుధవారం

పూలమ్మ పదకొండు రోజుల తర్వాత నాతో మాట్లాడింది. దవాఖాన వరండాలో, చీర పిండుతూ.

"నాకు చెప్తే చెయ్యి వట్టి గుంజుకపోదును వదినె. నేను ఒట్టు పెట్టలే గదా."

నాకూ సగం తడి చీర అందించింది. ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండాం.

1975 జనవరి 9, గురువారం

కరెంటు పెట్టిన చోట చర్మం బొగ్గులా అయింది. వాడు నోటి మాట మానేశాడు. చేత్తో చెబుతాడు.

ఈ పుస్తకం వెనక్కి తిరగేసి చదివాను. ఒట్టు అని ఒక్కచోటే రాశాను, కానీ ప్రతి కాగితంలోనూ దాని చాటునే కూర్చున్నాను. రాజన్న నాకు తెలియని దేవుడు కాదు. ఒట్టు తీసెయ్యి తండ్రీ, తప్పుకు ఇంకో కోడెను కడతాను అంటే వినేవాడు. అడగలేదు.

పర్మనెంటు అయితే క్వార్టరు ఇస్తారు. ఇటుక గోడలు. ఇంట్లోనే నల్లా. పదిహేడేళ్ళకు బొట్టు పోయి పుట్టింటికి వచ్చిన నాటి నుంచీ నేను ఎండావానా పడే కప్పు కిందే ఉన్నాను. ఆ గోడలు నాకూ కావాలి. సదయ్య మస్టర్లు లెక్కపెట్టాడు. వాడికంటే ముందు నేను లెక్కపెట్టాను.

ఇది ఇంతవరకు రాయలేదు.

జనవరి 27, సోమవారం

ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తెచ్చాం.

జనవరి 30, గురువారం

పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఫిబ్రవరి ఒకటిన డ్యూటీకి హాజరు కావాలి. సదయ్య కాగితం తీసుకుని, తన పేరు ఉన్నచోట వేలు పెట్టి, అక్షరాల మీద ఒక్కొక్కటిగా జరిపాడు. ఆ మూడు అక్షరాలూ బాయి పనికి పేరు రాయించే ముందు నేనే నేర్పాను. తర్వాత కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు.

ఫిబ్రవరి 6, గురువారం

సదయ్య నోట్లో చెంచా పట్టడం లేదు. ఉగ్గుగిన్నె కోసం బజారుకు పోయాను.

"మనుమడా, మనుమరాలా అవ్వా?" అన్నాడు ఇత్తడి సామాను కొట్టు మనిషి.

"పిల్లగాడు" అన్నాను.

"ఎన్నో నెల?"

"ముప్పై ఆరు" అన్నాను. నెలలా ఏళ్ళా అని ఆయన అడగలేదు. "ఇంక ఉగ్గు తాగుతున్నడా, గారాబం ఎక్కువ చేసినట్టున్నరు" అని నవ్వి, మూతి సన్నగా ఉన్నది ఏరి ఇచ్చాడు.

అమ్మ పోయేనాటికి వాడికి మూడు నెలలు. అప్పుడు ఇలాంటిది లేదు. గుడ్డ పీలిక పాలలో ముంచి నోట్లో పిండేదాన్ని. మధ్యలో ఇద్దరు చెల్లెళ్ళు. వాళ్ళు అన్నం వాళ్ళే తినేవాళ్ళు. వీడొక్కడే నా చేత్తో పెడితే గానీ తినకపోయేవాడు.

దవడకూ పెదవికీ నడుమ ఒక పక్క సందు ఉంది. అక్కడినుంచి పోస్తే సగం లోపలికి పోతుంది. సగం మెడ మీదికి కారుతుంది. తుడుస్తాను. మళ్ళీ పోస్తాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

డాక్టరు బాలవాడి నుంచి నేరుగా మా గుడిసెకు వచ్చాడు. పుండు కడిగాడు. ఈగలు రాకుండా గుడ్డ ఎలా కట్టాలో పూలమ్మకు నేర్పాడు. ఏమీ తీసుకోలేదు. నీళ్ళు కూడా తాగలేదు. తాగితే బాగుండేది.

ఫిబ్రవరి 19, బుధవారం

సారలమ్మ తండ్రి దగ్గరికి పోవడం లేదు. గుమ్మం అవతల నిలబడి చూస్తుంది. సదయ్య గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు, పిల్ల కనబడకుండా కాదు, పిల్లకు కనబడకుండా.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఈరోజు వాడిని అడిగాను. "సదయ్యా, నేను ఆ దినమే చెప్పి ఉంటే."

చెయ్యి ఎత్తి ఊపాడు. పోనీ అన్నాడో, పో అన్నాడో. రెండూ అనడానికి హక్కు ఉంది.

మార్చి 9, ఆదివారం

సదయ్య.

మార్చి 11, మంగళవారం

శివరాత్రి. దీపం పెట్టలేదు. పూలమ్మ సదయ్య పోయిన చోట పెట్టింది.

మార్చి 24, సోమవారం

బాలవాడికి పోతున్నాను. పిల్లలు తోముతున్నారు. పైవరుస కిందికి, కిందివరుస పైకి.

ఏప్రిల్ 4, శుక్రవారం

నిన్న సాయంత్రం లస్మవ్వ వచ్చింది. ఎప్పుడూ నోరు ఆగని మనిషి గుమ్మంలో నిలబడి కొంగు ముడి విప్పుతూ, కడుతూ ఉంది. "అక్కా, మా బుచ్చిగాడు కారం తింటలేడు. నోరు చూపియ్యమంటే కొట్టవస్తున్నడు. నువ్వు చూడు" అంది.

పోయి చూశాను. కుడి దవడ. చింతగింజంత. చుట్టూ తెలుపు. వేళ్ళు మూడూ పట్టాయి. ఇంకా పట్టాయి.

"రేపు డాక్టరు వస్తడు. డ్యూటీకి పోకు బుచ్చన్నా" అన్నాను.

"రేపెట్ల కుదుర్తది? ఎండలకు పర్మనెంటోళ్ళు నాగాలు వెట్టేది గిప్పుడే. మా బదిలోళ్ళకు మస్టర్లు పడేది గిప్పుడే. వచ్చే నెల చూపిస్త."

"వచ్చే నెల వద్దు."

"నువ్వు ఊకో అక్కా. నాకేమైతది."

ఆ మాట వింటూ వాడి మొహం చూడలేకపోయాను. ఇంటికి వచ్చాను.

షిఫ్టుకు పోయే మొగవాళ్ళకు నేను ఎదురుపడను. బొట్టు లేని మొహం చూసి బాయి దిగితే తిరిగి పైకి రారని ఇక్కడ అందరి నమ్మకం. ఒకప్పుడు నాదీ. అందుకని ఆ వేళకు ఎప్పుడూ లోపలే ఉండేదాన్ని, లేకపోతే గోడ చాటుకు తిరిగేదాన్ని. సదయ్య పోయేటప్పుడు కూడా సద్ది పూలమ్మ చేతికిచ్చి, అది వాడికి అందించాక వెనక నుంచి చూసేదాన్ని.

ఈరోజు ఆరు గంటలకే పోయి బుచ్చన్న గడప మీద కూర్చున్నాను. తలుపుకు అడ్డంగా. పెద్దదాన్ని దాటి పోలేడు. నా మొహం చూసి బయలుదేరలేడు.

సద్ది పట్టుకుని వచ్చి చూసి ఆగిపోయాడు. "లే అక్కా." లేవలేదు. "అవ్వా, లేపు ఈమెను" అని తల్లి మీద అరిచాడు. లస్మవ్వ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. దారిలో పోయేవాళ్ళు నన్ను చూసి ఉమ్మి, పక్క సందులోంచి పోయారు. ఒకతను వెనక్కి తిరిగి ఇంటికే పోయాడు. వాడి మస్టరు కూడా నా వల్లే పోయింది.

బాయి సైరను మొదటి కూత మోగింది.

"నాగా వడ్తది అక్కా. నీ కాళ్ళు మొక్కుత." నిజంగానే వంగాడు. కాళ్ళు లోపలికి ముడుచుకున్నాను.

రెండో కూత మోగింది. సద్ది గిన్నె నేలకేసి కొట్టాడు. అన్నం నా చీర మీద, గడప మీద చెదిరింది.

"నీ తమ్మున్ని ఆపకపోతివి. నన్నెందుకు ఆపుతున్నవ్?"

లస్మవ్వ, "నీ నోట్లె మన్నువడ, ఏం మాటరా అది" అంది. నేను వద్దని చెయ్యి ఎత్తాను. వాడు అడిగింది న్యాయమే. ఎనిమిది నెలల నుంచి ఎవరూ నన్ను ఇంత సూటిగా అడగలేదు. కూర్చున్నాను.

మూడో కూత తర్వాత మస్టర్ల పుస్తకం మూస్తారు. అదీ మోగింది. వీధిలో బూట్ల చప్పుడు ఆగిపోయింది. బుచ్చన్న గోడకు వీపు ఆనించి కింద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

లేవబోయాను. మోకాళ్ళు పట్టేశాయి. గంటకు పైగా కదలకుండా కూర్చున్నాను కదా. తలుపు రెక్క పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాను. వాడు చూసి, కళ్ళు తుడుచుకుని, లేచి వచ్చి చెయ్యి అందించాడు.

డాక్టరు పది గంటల బస్సుకు దిగుతాడు. అంతవరకు ఆ చెయ్యి వదలలేదు.